సముద్రములేని సీమలో సముద్రములు



ఎడారి యనగానే మన కన్నులకు ఇసుక, ఒంటె, ఎండమావి తోచును. అట్టి యెడారి నడుమ నొక నగరము ఎనిమిదివందల యేండ్లకు మించి నిలిచి, కోటను, మేడలను, గుడులను, గ్రంథభాండారమును పెంచుకొనినదనిన వినువారికి వింతగా నుండును. ఆ నగరము రాజస్థానములోని జైసల్మేరు. కొంతకాలము క్రిందట నేను దానిని చూడబోయితిని. చూచి వచ్చిన పిదప మదనపల్లె, పుంగనూరు, కుప్పము సీమలను మరల నొకమారు తిరిగితిని. ఈ రెండు యాత్రలును కలిసి నాకు నేర్పిన విషయ మొక్కటి కలదు. మెట్టసీమలో పట్టణముల చరిత్ర కోటగోడలమీది కంటె చెఱువుకట్టలమీద నెక్కువగా కనబడును. నేటి ప్రసంగమున దానినే మీకు మనవి చేసెదను.

ముందుగా ఆ యెడారి నగరమును గూర్చి చెప్పవలెను. భాటి రాజపుత్రుడైన రావల్ జైసలుడు 1156వ సంవత్సరమున జైసల్మేరును స్థాపించెను. త్రికూటమను గుట్టమీద పసుపువన్నె యిసుకరాతితో కోట కట్టిరి. ఉదయసాయంకాలములందు ఎండ సోకినపుడు కోటయంతయు మేలిమి బంగారువలె మెఱయును. కావుననే దానికి సోనార్ కిలా, అనగా బంగారుకోట యని పేరు వచ్చినది. మన దేశమున పెక్కు కోటలు పాడుపడి గబ్బిలములకు నెలవులై యుండగా, ఈ కోటలోపల నేటికిని జనులు సంసారములు చేసికొనుచున్నారు. ఇరుకు సందులలో ఆవులు తిరుగుచుండును. అరుగులమీద ముసలివారు కూర్చుండి లోకాభిరామాయణము చెప్పుకొనుచుందురు. కోటలోని జైనాలయముల శిల్పము మిక్కిలి సున్నితమైనది. ఆ యాలయముల నేలమాళిగలో జినభద్రసూరి పేర నొక గ్రంథభాండారము కలదు. వందల యేండ్ల నాటి తాళపత్రగ్రంథము లందు భద్రముగా నున్నవి. తేమలేని గాలి మనుష్యునకు కష్టము కలిగించినను తాటాకునకు మేలే చేసినది.

కోట క్రింద పట్వాలను వర్తకుల హవేలీలు వరుసగా అయిదున్నవి. అవి 19వ శతాబ్దమున కట్టినవి. కిటికీలమీద రాతిని కొయ్యవలె చెక్కిరి. ఇంత ధనము ఇసుకలో నెట్లు పండినదని ప్రశ్నింపవచ్చును. అది పండినది దారులమీద. సింధుదేశమునకును, దాని యావలి పడమటి దేశములకును పోవు ఒంటెల బిడారులు ఈ నగరముమీదుగా పోయెడివి. వర్తకులు లాభమును, రాజు సుంకమును పొందిరి. తరువాత బొంబాయి రేవు వృద్ధిచెంది సరకులు సముద్రమార్గము పట్టగా నగరమున సందడి తగ్గెను. 1947వ సంవత్సరమున దేశవిభజన జరుగగా సింధువైపు దారి మూతపడెను. సరిహద్దున రక్షణకై వచ్చిన సేనలును, నగరమును చూడవచ్చు యాత్రికులును పిమ్మట దానికి మరల జీవము పోసిరి. 2013లో రాజస్థానములోని మఱికొన్ని గిరిదుర్గములతోపాటు ఈ కోటకును ప్రపంచ వారసత్వపు పట్టికలో చోటు దొరకినది.

కాని బిడారు ఎంత ధనము తెచ్చినను దప్పి తీర్పజాలదు. అచ్చట సంవత్సరమున కురియు వాన సుమారు 8 అంగుళములు మాత్రమే. అట్టి చోట నగరము నిలుచుటకు కారణమేమని చూడగా కోట కాగ్నేయమున గడీసర్ అను తటాకము కనబడినది. 14వ శతాబ్దమున గడసీ మహారావలు దానిని బాగుచేయించెను గనుక ఆయన పేరే దానికి నిలిచినది. చుట్టునున్న మిట్టలమీద పడిన ప్రతిబొట్టును అందులోనికి మళ్లించిరి. ఆ పరీవాహపు నేలను మలినపఱచుట తప్పుగా నెంచెడివారు. శతాబ్దములపాటు నగరపు స్త్రీలు బిందెలతో నీరు మోసికొనిపోయినది అచ్చటినుండియే. ఆ తటాకమునకు చక్కని ద్వార మొకటి కలదు. దానిని తీలో అను వేశ్య కట్టించెనని చెప్పుదురు. వేశ్య కట్టించిన ద్వారముక్రింద రాజకుటుంబము నడువరాదని పెద్దలు దానిని పడగొట్టింపబూనగా, ఆమె దానిపైన శ్రీకృష్ణుని గుడి కట్టించి యెవరును తాకకుండ చేసెనట. కథ నిజమైనను కాకున్నను, నీటివద్ద పుణ్యము సంపాదించుకొను హక్కు అందఱికి నున్నదని జనులు నమ్మినట్లు దానివలన తెలియుచున్నది.

నగరము వెలుపల పాలీవాలు బ్రాహ్మణులు ఖడీనులను ఒకవిధమైన మడులను కల్పించిరి. పల్లపు నేలకు అడ్డముగా పొడుగాటి మట్టికట్ట వేసి వాననీటిని నిలిపి, నీరు ఇంకిన పిమ్మట ఆ తేమమీదనే గోధుమలు, సెనగలు పండించిరి. 8 అంగుళముల వానతో గోధుమ పండించుట సామాన్యమైన విద్య కాదు. వారు 19వ శతాబ్దమున తమ గ్రామములను విడిచి వెళ్లిపోయిరి. వారి కుల్ధరా గ్రామము నేటికిని పాడుగోడలతో నిలిచియున్నది. దివానుయొక్క దౌర్జన్యమువలన నని కొందఱును, నీరు తఱిగిపోవుటవలన నని కొందఱును చెప్పుదురు.

ఆ సీమవారు తమ చెఱువులకు పెట్టిన పేర్లు వినదగినవి. ఒకటి గడీసర్, మఱియొకటి, నగరమునకు కొంత దూరమున అమరసింహ మహారావలు కట్టించినది, అమరసాగర్. సముద్రమును కన్నులార చూడనివారు గుంటెడు నీటికి సాగరమని పేరిడిరి. ఆ మాట వినగానే నాకు మన యూళ్లు జ్ఞప్తికి వచ్చినవి. మదనపల్లె చెంత చిన్నతిప్పసముద్రము, దానికి ఉత్తరముగా పెద్దతిప్పసముద్రము, పుంగనూరు వైపున రామసముద్రము, కుప్పముదగ్గఱ పరమసముద్రము. తూర్పుసముద్రము ఈ యూళ్లకు చాల దూరము. ఐనను నీటియందలి ఆశ ఎంతటిదో, ఆ నీటిని నిలిపినవారియెడల కృతజ్ఞత ఎంతటిదో ఆ పేళ్లే చెప్పుచున్నవి.

మనది ఎడారి కాదు. మన వాన సంవత్సరమునకు 28, 30 అంగుళముల ప్రాంతమున నుండును. జైసల్మేరువారికి అది స్వర్గము. కాని మన కష్టము వేఱు. సముద్రమునకు రెండువేల అడుగులకు పైబడిన యెత్తున మన పీఠభూమి యున్నది. నైరృతిగాలి పడమటికనుమలలో తన బరువు దించుకొని వచ్చును. ఈశాన్యపుగాలి తీరమున కురిసి అలసి వచ్చును. రెండు ఋతువులకును మనము పంక్తిలో కడపట కూర్చున్నవారము. కురిసిన వానయైనను నాలుగు జడివానలుగా కురిసి, ఱాతినేలమీద జాఱి వంకలపాలగును. బాహుదా, పాపఘ్ని, పాలారు మొదలగునవి ఏళ్లని పేరేగాని సంవత్సరమున పెక్కుమాసములు ఇసుకచారలు. కాబట్టి నీరు పాఱునపుడు పట్టి నిలుపవలెను. లేనియెడల మఱునాటికి దొరకదు. చెఱువనగా ఈ పట్టి నిలుపుటయే.

ఈ విద్యను మన పూర్వులు శాస్త్రముగా నెఱిగియుండిరనుటకు గొప్ప సాక్ష్యము కడపసీమలోని పోరుమామిళ్ల చెఱువు. బుక్కరాయల కుమారుడును, ఉదయగిరి రాజ్యమును పాలించినవాడును ఐన భాస్కరరాయలు దానిని కట్టించి, 1369వ సంవత్సరమున శాసనము వేయించెను. అందులో చెఱువునకు కావలసిన పండ్రెండు సాధనములు చెప్పబడినవి. ధర్మము, ధనము, కీర్తియందాసక్తి కల ప్రభువుండవలెను. జలశాస్త్రము తెలిసిన పండితుడుండవలెను. నేల గట్టి బంకమన్నుదై యుండవలెను. దూరమునుండి మంచినీరు తెచ్చు ఏఱుండవలెను. కట్ట ఆనుకొనుటకు కొండ యుండవలెను. కట్ట మఱీ పొడవుగాక గట్టిరాతితో నుండవలెను. దాని రెండు కొనలును పంటనేలకు ఎడమై యుండవలెను. చెఱువుగర్భము విశాలముగాను లోతుగాను ఉండవలెను. దాపున పొడవైన తిన్ననిరాళ్లు దొరకు గని యుండవలెను. చుట్టును సారవంతమైన సమభూమి యుండవలెను. కొండల పొందికచేత సుడులతో వేగముగా వచ్చు ప్రవాహముండవలెను. కడపట, కట్టుటయందు నేర్పరులైన పనివాండ్రుండవలెను. రాజుతో మొదలుపెట్టిన జాబితాను మన్నుమోయు కూలివానితో ముగించుట గమనింపదగినది. ఇద్దఱిలో నెవ్వరు లేకున్నను చెఱువు లేదు.

సాధనములతోపాటు ఆఱు దోషములను గూడ ఆ శాసనము లెక్కించినది. కట్ట ఊరుట, చవుటినేల, రెండు రాజ్యముల పొలిమేరను ఉండుట, నడుమ తాబేటివీపువలె మిట్ట యుండుట, నీరు తక్కువయై ఆయకట్టు ఎక్కువగుట, నీరు ఎక్కువయై ఆయకట్టు తక్కువగుట. ఆఱువందల యేండ్ల పిమ్మట చదివినను ఇందులో తీసివేయదగిన మాట యొకటియు కనబడదు. ఆ చెఱువు కట్టునపుడు దినమునకు వేయిమంది కూలీలు, రాళ్లు తోలుటకు నూఱు బండ్లు, రెండేండ్లకాలము పట్టినదనియు అందే యున్నది. ఆ వేయిమంది పేర్లు రాతిమీద లేవు. వారి పని మాత్రము నేటికిని నిలిచియున్నది.

మన సీమలోనే మఱియొక సాక్ష్యము వ్యాససముద్రము. శ్రీకృష్ణదేవరాయలు తాను పూజించిన వ్యాసరాయస్వామికి 1526వ సంవత్సరమున బెట్టకొండ యను గ్రామమును దానమిచ్చెను. దానికి వ్యాససముద్రమని మఱియొక పేరు. మదనపల్లె సీమలో కందుకూరువద్ద నున్న పెద్ద చెఱువే యిది. సన్న్యాసి, మఠాధిపతి, తర్కవేదాంతములలో మహాపండితుడు. అట్టివాని పేరు మనకు గ్రంథములలో కంటె ముందు చెఱువుమీద కనబడుచున్నది. మన దేశమున తటాకమును సప్తసంతానములలో నొకటిగా నెంచుటకు కారణ మిదియే. కొడుకు పేరు నిలుపునో నిలుపడో; చెఱువు నిలుపును.

ఇక కోటల మాట. మదనపల్లెకు ఈశాన్యమున గుఱ్ఱముకొండ కలదు. దూరమునుండి చూడగనే నిటారుగా లేచిన ఱాతికొండ, దానిమీద గోడల గీఱలు కనబడును. కొండక్రింద రంగీనుమహలను రెండంతస్తుల భవనము నిలిచియున్నది. కొండ నెక్కుచుండగా ద్వారము వెనుక ద్వారము, మలుపు వెనుక మలుపు. ఈ కోటను కడపనవాబులు, మరాఠులు, హైదరాలి, టిప్పుసుల్తాను ఒకరి పిమ్మట నొకరు పాలించిరి. టిప్పుయొక్క మేనమామ మీర్ రజా ఆలీఖాను ఇచ్చటి యధికారి. ఆయన 1781లో పరంగిపేట యుద్ధమున నేలగూలగా ఇచ్చట మక్బరా కట్టిరి. 1791లో ఆంగ్లేయుల తోడ్పాటుతో నిజాముసేన ఈ కోటను ముట్టడించి క్రిందికోటను పట్టుకొనెను. పిమ్మట జరిగిన సంధివలన ఈ సీమ నిజామునకు చేరెను. 1800లో నిజాము దానిని ఆంగ్లేయులకు దత్తము చేసెను. అంతతో ఫిరంగులు మూగపోయినవి. కొండమీద నేడు వినబడునది గాలి యొక్కటే.

నేనా కోటను చూచునపుడు శత్రువుల కంటె నీటిని గూర్చియే యెక్కువగా ఆలోచించితిని. కొండకోటకు ఎన్ని బురుజులున్నను వాననీరు నిలుచు గుండములు ఎండెనా, నెలదినములలో తలుపులు తెఱువక తప్పదు. కొండ దిగి చూచినచో పల్లములో చెఱువులు, వాని క్రింద పచ్చని మడులు కనబడును. సేనకు తిండి పెట్టినది ఆ మడులే.

దత్తమండలములకు మొదటి కలెక్టరుగా 1800 మొదలు 1807 వఱకు పనిచేసిన తామస్ మన్రో ఈ చెఱువులను చూచి, క్రొత్తగా చెఱువు కట్టదగిన చోటు ఈ దేశమున దాదాపు మిగిలియుండలేదనియు, తగిన ప్రతి తావునందును జనులు ఇదివఱకే కట్టివేసిరనియు అభిప్రాయపడెను. పాళెగాండ్రను అణచుటకు వచ్చిన పరదేశి యధికారి మన పూర్వుల కిచ్చిన యోగ్యతాపత్రమిది.

కట్టుట ఒక యెత్తు; కాపాడుట పది యెత్తులు. దీనికి మనవారు చేసిన యేర్పాటు దశబంధము. చెఱువు కట్టినవానికో, మరమ్మతుచేయువానికో ఆయకట్టులో కొంత భూమినో, శిస్తులో పదియవ వంతునో ఇనాముగా విడిచెడివారు. కడప, చిత్తూరు, నెల్లూరు సీమలలో దశబంధపు ఇనాములను పెద్దలైన మీలో కొందఱు వినియేయుందురు. ఇనాము అనుభవించువాడు కట్ట చూచుకొనవలెను. చూచుకొననిచో ఇనాము పోవును. తూము తెఱచుటకు, ఎవరి మడికి ఎంతసేపు నీరు పాఱవలెనో కొలిచి విడుచుటకు నీరుగంటివాడు ఉండెను. ఏటేట వానలకు ముందు ఇంటికొకరు చొప్పున పారలు, తట్టలు పట్టుకొని కాలువలు బాగుచేసికొనుట కుడిమరామత్తు. ఈ వాడుక సడలుచుండగా 1858లో మద్రాసు ప్రభుత్వము చట్టము చేసి దానిని విధిగా చేయజూచెను. ఊరు తనంత తాను చేసిన పని చట్టమువలన అంత చక్కగా సాగలేదు.

పుంగనూరు, కంగుంది సీమల చరిత్ర కొంత వేఱు. ఇవి జమీనులు. పుంగనూరు ప్రభువులకు ఇమ్మడి చిక్కరాయలని బిరుదము. కంగుంది కొండకోట పాళెగాండ్రకు చెందినది. ఆ జమీనుకు కుప్పము ముఖ్యపట్టణము. 1911లో చిత్తూరుజిల్లా యేర్పడువఱకు ఈ రెండును ఉత్తరార్కాటు జిల్లాలో నుండెను. మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు కడపజిల్లాలో నుండెను. కన్నడము, తమిళము, తెలుగు మూడును కలిసి మెలగు ఈ మూలలో ఒక్క సంతలో మూడు భాషలు వినబడుట నేటికిని కద్దు. 1997లో కుప్పమున ద్రావిడ విశ్వవిద్యాలయమును నెలకొల్పుట ఆ నేలకు తగియున్నది.

పుంగనూరులో సంస్థానపు మేడ నేటికిని కన్పట్టును. కాని ఆ సంస్థానము లోకమునకిచ్చిన పేరు మేడవలన వచ్చినది కాదు, ఆవువలన వచ్చినది. పుంగనూరు ఆవు ఎత్తు సుమారు మూడడుగులు. మేత తక్కువ, పాలలో వెన్న యెక్కువ. కఱవుసీమకు బ్రహ్మ ప్రత్యేకముగా చేసినట్లుండును. మేలుజాతి యని దూరదేశపు ఆవులను తెచ్చి కలుపుటవలన ఈ జాతి తఱిగి తఱిగి అంతరించు స్థితికి రాగా, పలమనేరులోని పశుపరిశోధనస్థానమువారు దానిని కాపాడి వృద్ధిచేయుచున్నారు. చెఱువుకథయు ఈ యావుకథయు ఒక్కటే. మన నేలకు సరిపడినదానిని చిన్నదని త్రోసివేసి, పోయినపిమ్మట వెదకుకొనుచున్నాము.

ఎండుగాలి జైసల్మేరు తాళపత్రములకు మేలుచేసినట్లే మదనపల్లెకును మేలుచేసినది. క్షయరోగులకు ఈ గాలి హితమని వైద్యులు తలచిరి. 1912లో ఆరంభమైన ఆరోగ్యాలయము పేరిట ఆరోగ్యవరమను ఊరే వెలసినది. 1915లో అనీబిసెంటమ్మగారి పూనికతో దివ్యజ్ఞానకళాశాల యేర్పడెను. 1919 ఫిబ్రవరినెలలో రవీంద్రనాథఠాకూరు ఆ కళాశాలకు వచ్చి, తన జనగణమన గీతమును విద్యార్థులకు పాడి వినిపించి, అచ్చటనే దానిని ఆంగ్లమునకు తర్జుమా చేసెను. నేడు దేశమంతయు లేచి నిలుచు గీతము మన మెట్టసీమలో నొకనాటి సాయంకాలము వినబడెననుట మనకు గర్వకారణము.

జైసల్మేరు ప్రాంతమున మాంగణియారులను గాయకులున్నారు. వారు ముసల్మానులు, తరతరములుగా హిందూగృహస్థుల పెండ్లిండ్లలోను పురుళ్లలోను పాడుట వారి వృత్తి. కమాయిచా యను తంత్రీవాద్యము వారి చేతిలో ఎడారిగాలివలె పలుకును. మనకును మెట్టసీమకు తగిన కళ యొకటి కలదు. వేసవిలో కోతలైన పిమ్మట ద్రౌపదమ్మగుళ్లవద్ద పదునెనిమిది దినములు భారతము జరుగును. పగలు హరికథ, రాత్రి వీథినాటకము. అర్జునుడు పొడవైన మ్రానెక్కి తపస్సు చేయును. కడపటిదినము మట్టితో చేసిన దుర్యోధనుడు పడును. భారతము చదివించిన యూర వానలు కురియునని పెద్దల నమ్మకము. పాటయు, కథయు, వేషమును అన్నియు కడకు వానకొఱకే.

ఇంతవఱకు చెప్పినది గతము. ఇక నేటి సంగతి. 1948లో జమీనుల రద్దు చట్టము వచ్చినది. జమీందారు పోయెను, రైతునకు మేలు కలిగెను. కాని చెఱువు బాధ్యత ప్రభుత్వపుదై, ఊరివారిది కాకపోయెను. దశబంధములు పేరునకే మిగిలినవి. కరెంటు మోటార్లు వచ్చిన పిమ్మట ప్రతివాడును తన పొలములో బోరు వేసి, తన నీరు తనక్రిందనే యున్నదని తలచెను. చెఱువుకట్టమీద తుమ్మలు మొలచినవి, వంకలు పూడినవి, చెఱువుగర్భములో ఇండ్లస్థలములు వెలసినవి. మన చెఱువులు గొలుసుకట్టుగా నుండును. పైచెఱువు మొరవ పోయిన నీరు క్రిందిచెఱువునకు చేరవలెను. నడుమనొక కడియము తెగిన చాలు, క్రిందివన్నియు ఎండును. జడివాన వచ్చిననాడు అదే నీరు దారి కానక ఊళ్లమీద పడును. 2021 నవంబరులో పింఛా, చెయ్యేరు వఱదలకు అన్నమయ్య జలాశయపు కట్ట తెగి, రాజంపేట చెంత పల్లెలు కొట్టుకొనిపోయిన దుఃఖము నింకను మఱవలేదు. కఱవుసీమలో నీటివలన గూడ ప్రాణములు పోవును.

2025వ సంవత్సరమున హంద్రీ–నీవా కాలువద్వారా శ్రీశైలపు కృష్ణజలములు కుప్పముదాక వచ్చినవి. మన తాతలు కలలోనైన తలంపని సంగతి యిది. సంతోషింపవలసినదే. కాని ఇచ్చటనే జైసల్మేరు మనకు చెప్పు మాట యొకటి కలదు. అక్కడికిని దూరపు నీరు వచ్చినది. పంజాబునుండి బయలుదేఱు పెద్ద కాలువపని 1958లో ఆరంభమై, 1980ల దశకమున ఆ యెడారికి చేరెను. ఇంటింట కొళాయిలు వచ్చినవి. స్త్రీల తలమీది బరువు దిగినది. అది గొప్ప మేలు. కాని గడీసరునకు వచ్చు నీటిదారులను కాచువారు తగ్గిరి. బిందెలనీటితో కాలము గడపిన కోటలో కొళాయినీరు విరివిగా వాడగా, మురుగు పునాదులలోనికి ఇంకి గుట్టయొక్క మెత్తని పొరలను నాన్చెను. ఎనిమిదివందల యేండ్లు శత్రువులకు నిలిచిన గోడలు కొన్నిచోట్ల కూలినవి. 1996లో ప్రపంచ స్మారకనిధి వారు ఈ కోటను అపాయములో నున్నదానిగా ప్రకటించిరి. నీరు లేనపుడు నిలిచిన కోట నీరు వచ్చిన పిమ్మట క్రుంగుట చూచి నాకు భయము కలిగినది.

కాలువ వచ్చినదిగదా, ఇక చెఱువెందుకని మనయూళ్లలో కొందఱనుట వినుచున్నాను. కాలువనీరు ఏటికొక ఋతువున వచ్చును. వచ్చిననీరు నిలుచుటకు పాత్ర కావలెను. ఆ పాత్ర మన తాతలు త్రవ్వి పెట్టిన చెఱువే. వందలమైళ్లు ఎత్తిపోసి తెచ్చిన నీటిని తూటుపడిన కుండలో పోసికొందుమా?

పెద్దలారా, కోటలను కాపాడుటకు ప్రభుత్వశాఖలున్నవి. చెఱువుల చరిత్రను కాపాడువారు మీరే. మీయూరి కట్టమీద, తూమువద్ద, మొరవప్రక్కన, పాడుగుడిముందర అక్షరములు చెక్కిన రాళ్లుండవచ్చును. వానిని బట్టలుతుకు బండలుగను, గోడరాళ్లుగను పోనీయకుడు. నేడు ఇంటింట నున్న సెల్‌ఫోనుతో మనుమని చేత ఫొటో తీయించి శాసనములు చదువువారికి పంపవచ్చును. ఏ వంక ఏ చెఱువునకు వచ్చుచుండెడిదో, ఏ మొరవ ఏ యూరికి పోవుచుండెడిదో, ఏ భూమి దశబంధమో మీ నోట నున్నది, కాగితముమీద లేదు. మీ తరమువారు వెళ్లిపోయినచో దానిని చెప్పువారుండరు. ఒకనాటి సాయంకాలము రచ్చబండమీద కూర్చుండి బడిపిల్లలచేత దానిని వ్రాయింపుడు. పదునారు పుటల నోటుపుస్తకము చాలును. సర్వేవారు వచ్చి హద్దులు అడిగినపుడు, చెఱువు పోయినదని వాదించువానియెదుట, ఆ పుస్తకమే మీయూరికి సాక్ష్యము చెప్పును.